మా పడవ చేసిన ఉద్యోగాలు

కిందటి జనవరిలో విశాఖపట్నం వెళ్లినప్పుడు ఒక రోజు తెల్లవారకముందే లేచి చేపలరేవుకు వెళ్లాను. వేలంపాటలు అప్పుడే మొదలయ్యాయి. వంజరాలు, చందువాలు, రొయ్యల గంపలు, పారలతో ఐసు ఎత్తిపోసే చప్పుడు, వాటి మధ్య కొంగు నడుముకు బిగించి గొంతెత్తి ధరలు చెబుతున్న ఆడవాళ్లు; చూస్తూ నిలబడితే పొద్దు తెలియలేదు. అంతలో ఒక మరపడవ ఇంజను ఆపకుండానే గట్టుకు ఆనుకుంది. డీజిలు పొగ, తడిసిన తాడు, వేడెక్కిన నూనె, ఉప్పుగాలి కలిసిన వాసన ఒక్కసారిగా ముఖాన కొట్టింది. నేను పుట్టి పెరిగిన ఊరే అయినా, ఆ వాసనకు గుర్తుకొచ్చింది మాత్రం నా బాల్యం కాదు. నా చిన్నతనంలో ఆ తీరాన తెప్పలు, తెరచాప పడవలే ఎక్కువగా ఉండేవి. డీజిలు వాసన అంతగా ఎరుగం. నాకు గుర్తుకొచ్చింది న్యూయార్క్‌లో 42వ వీధి పడమటి చివర, హడ్సన్ నది ఒడ్డున ఉన్న 83వ నంబరు రేవు, అక్కడ నేను పనిచేసిన ఒక పాత పడవ.

మన్‌హట్టన్ చుట్టూ యాత్రికులను తిప్పే సర్కిల్ లైన్ పడవలను న్యూయార్క్ చూసిన తెలుగువాళ్లలో చాలామంది ఎక్కే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్వేచ్ఛావిగ్రహం, ఎంపైర్ స్టేట్ భవనం, ఆ తర్వాత ఈ పడవ. మా తరంలో అదొక ఆచారంలా నడిచింది. నేను మాత్రం ఆ పడవను టికెట్టు కొని ఎక్కలేదు. పై చదువుకు వచ్చిన కొత్తల్లో వేసవి సెలవులకు యూనివర్సిటీ ఇచ్చే భత్యం ఆగిపోయేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక సీనియరు, "తమ్ముడూ, ఎండాకాలం నాలుగు నెలలూ రేవు దగ్గర కుర్రాళ్లకు పని దొరుకుతుంది, వెళ్లి అడుగు, సిగ్గుపడకు" అన్నాడు. వెళ్లి అడిగాను. తినుబండారాల బల్ల దగ్గర నిలబెట్టారు. మాంసం ముట్టని ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. ఆవిరిపెట్టె మూత తీసి చిమటాతో సాసేజి పట్టుకుని రొట్టెలో పెట్టడం మొదటి వారం ఊపిరి బిగబట్టి చేశాను. తర్వాత అలవాటైపోయింది. చిల్లర లెక్క నోటితో వేసి ఇచ్చేవాణ్ణని నాకు మంచి పేరు కూడా వచ్చింది.

ఆ కంపెనీ పడవల్లో చాలావరకు యుద్ధం నుంచి పింఛను పుచ్చుకుని వచ్చినవే. రెండో ప్రపంచయుద్ధంలో పరాయి తీరాల మీద సైనికులను దించడానికి అమెరికా వందల సంఖ్యలో కట్టిన ఎల్.సి.ఐ. రకం నౌకలు యుద్ధం ముగిశాక చవకగా అమ్ముడుపోయాయి. వాటిని కొని, పైన వరుసగా బెంచీలు వేసి, యాత్రికుల పడవలుగా మార్చారు. అవి ఎటు చూసినా పెట్టెల్లా ఉండేవి. నేను పనిచేసిన ఐదో నంబరు పడవ మాత్రం వాటి మధ్య ఇమిడేది కాదు. సన్నగా సాగిన ముక్కు, నడుము దగ్గర మెల్లగా దిగి వెనక మళ్లీ లేచే గీత, 186 అడుగుల పొడవు. పైన ఎన్ని బెంచీలు బిగించినా, ఎన్నిసార్లు రంగు పూసినా, అది మొదట ఎవరో డబ్బున్నవాడు తన సుఖం కోసం కట్టించుకున్న ఓడ అని దూరం నుంచే తెలిసిపోయేది.

* * *

మైకులో మాట్లాడే గైడుకు ఊరంతా తెలుసు. వాల్‌స్ట్రీట్‌లో ఎవరెప్పుడు దివాలా తీశారో, బ్రూక్లిన్ వంతెన కట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఐక్యరాజ్యసమితి భవనం స్థలంలో అంతకుముందు కబేళాలు ఉండేవని, అన్నీ చెప్పేవాడు. ఒక్కోచోట అదే హాస్యం, అదే విరామం, అదే నవ్వు. మూడు గంటల ప్రయాణంలో తన కాళ్ల కింద ఉన్న పడవ గురించి మాత్రం ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఆ కథ కింద ఇంజను గదిలో ఉండేది. వానపడి జనం పలచగా ఉన్న రోజుల్లో నేను రెండు కాఫీలు పట్టుకుని ఇనుప మెట్లు దిగి అక్కడికి వెళ్లేవాణ్ణి. అక్కడ పనిచేసే పెద్దాయన పూర్వీకులు నార్వే నుంచి వచ్చినవాళ్లు. చేతిలో ఎప్పుడూ దూది పీచు ముద్ద. గేజీల అద్దాలు తుడిచినట్టే మాట్లాడేటప్పుడు తన వేళ్లను ఒక్కొక్కటే తుడుచుకునేవాడు. ఆ చప్పుడులో అరిచి చెబితే తప్ప వినపడదు కనుక, కథ కూడా ముక్కలు ముక్కలుగానే వినిపించేది. ఆయన చెప్పిన వాటిలో చాలా సంగతులు తర్వాతి రోజుల్లో పుస్తకాల్లో సరిచూసుకున్నాను. ఆశ్చర్యంగా, దాదాపు అన్నీ నిజమే.

ఆ పడవను 1902లో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో ప్యూసీ అండ్ జోన్స్ వాళ్లు కట్టారు. కట్టించుకున్నది రైల్వే వ్యాపారంలో సంపాదించిన జాన్ రోజర్స్ మాక్స్‌వెల్. అప్పుడు దాని పేరు సెల్ట్. ఆవిరి యంత్రంతో నడిచేది. ఆ రోజుల్లో అమెరికా శ్రీమంతులకు ఇలాంటి విహారనౌక ఉండటం మన జమీందారులకు ఏనుగు ఉండటం లాంటిది. తర్వాత అది చేతులు మారి సాచెమ్ అన్న పేరు తెచ్చుకుంది. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగేసరికి నౌకాదళానికి పెద్ద యుద్ధనౌకలు ఉన్నాయిగానీ, రేవుల ముందు కాపలా తిరిగే చిన్న ఓడలు చాలలేదు. దాంతో తీరం పొడవునా శ్రీమంతుల విహారనౌకలను, చేపల పడవలను, చివరికి మోటారు లాంచీలను కూడా తీసుకుని వాటికి ఎస్.పి. అనే అక్షరాలతో నంబర్లు ఇచ్చారు. అవి సెక్షన్ పేట్రోల్ అనే తీర గస్తీ విభాగానికి గుర్తు. సాచెమ్‌ను ఆ జూలైలో అద్దెకు తీసుకున్నారు, ఆగస్టులో ఎస్.పి. 192గా అది న్యూయార్క్ రేవు గస్తీలో చేరింది.

పెద్దాయనకు ఆ కాలంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఎడిసన్‌ది. అప్పటికి డెబ్బై ఏళ్లున్న థామస్ ఎడిసన్ నౌకాదళ సలహా మండలికి అధ్యక్షుడు. జర్మన్ జలాంతర్గాములను కనిపెట్టే ఉపాయాల కోసం ఆయన ఈ ఓడనే ప్రయోగశాలగా చేసుకుని వారాల తరబడి నీళ్ల మీద గడిపాడు. నీటిలో దూరాన తిరిగే మర చప్పుడును వినే పరికరాలు కూడా ఆ ప్రయోగాల్లో ఉన్నాయి. చెవులు సరిగా వినపడని మనిషి సముద్రం అడుగున చప్పుడు వినే యంత్రం కోసం కూర్చోవడం నాకు ఇప్పటికీ ఒక వింతగానే తోస్తుంది. ఆయన యుద్ధకాలంలో దాదాపు 45 ఉపాయాలు ఇచ్చాననీ, నౌకాదళం వాటన్నిటినీ అటకెక్కించిందనీ తర్వాత చాలాకాలం నిష్ఠూరమాడాడు. "ఆయన ఇక్కడే నడిచాడు" అని పెద్దాయన బూటుకాలితో ఇనుప పలక మీద తట్టి చూపించేవాడు. ఆ పలక అప్పటిది కాకపోవచ్చునని నాకు అనుమానంగా ఉండేది, కానీ ఎప్పుడూ అనలేదు.

1919 ఫిబ్రవరిలో నౌకాదళం దాన్ని యజమానికి తిరిగి ఇచ్చేసింది. తర్వాత కొన్నాళ్లు మళ్లీ విహారనౌక. అంతలో 1929 స్టాక్ మార్కెట్ పతనం వచ్చింది. శ్రీమంతులు ఇలాంటి ఓడలను నిర్వహించలేక వదిలించుకుంటున్న సమయంలో, 1932లో బ్రూక్లిన్‌కు చెందిన కెప్టెన్ జేక్ మార్టిన్ దాన్ని కొని చేపల పడవ చేశాడు. వల వేసే పడవ కాదు. మనిషికింత అని డబ్బు తీసుకుని, పొద్దున్నే సముద్రంలోకి తీసుకెళ్లి, గాలం వేసుకోనిచ్చి, సాయంత్రానికి దించే పడవ. రెండు డాలర్లు ఇస్తే రోజంతా చేపలు పట్టుకోవచ్చునట. పనిలేని రోజుల్లో ఆ రెండు డాలర్లు వినోదానికి కాదు, ఇంటికి కూర తీసుకెళ్లడానికి పెట్టినవాళ్లే ఎక్కువట. దాని బతుకులన్నిటిలో నాకు నచ్చినది ఇదే. మాక్స్‌వెల్ అతిథులు సిగార్లు కాల్చుకున్న చోట బ్రూక్లిన్ కూలీలు, గుమాస్తాలు భుజాలు రాసుకుంటూ నిలబడి గాలాలు వదిలారన్నమాట.

* * *

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విలాసనౌక యుద్ధానికి వెళ్లిందంటే వినడానికి బాగుంటుంది. ఎక్కడ చూసినా అలాగే రాస్తారు కూడా. కానీ రెండోసారి నౌకాదళం తీసుకున్నది విలాసనౌకను కాదు, బ్రూక్లిన్ బీదవాళ్లు చేపలు పట్టుకునే పడవను. తివాచీలు, పియానోలు, మహోగని పలకలు అన్నీ అప్పటికే పోయాయి.

1942 జనవరిలో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరానికి వచ్చాయి. యు-123 అనే జలాంతర్గామి 14వ తేదీన లాంగ్ ఐలాండ్‌కు ఆవల నార్నెస్ అనే చమురు ఓడను, మర్నాడే కోయింబ్రా అనే మరో చమురు ఓడను ముంచింది. ఒడ్డున ఊళ్ల దీపాలు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. ఆ వెలుగుకు ఎదురుగా నల్లగా కనబడే ఓడలను గురిచూసి కొట్టడం జర్మన్లకు కష్టం కాలేదు. వెంట కాపలా వెళ్లగల ఓడలు చాలావరకు అట్లాంటిక్ మధ్యలోనో, పసిఫిక్‌లోనో ఉన్నాయి. మళ్లీ పాతికేళ్లనాటి ఉపాయమే దిక్కయింది. తేలేదల్లా తెమ్మన్నారు. తెరచాప పడవలున్న ఔత్సాహికులను సైతం తీర రక్షక దళం గస్తీకి తీసుకుంది. ఇంజను చప్పుడు ఉండదు కనుక నీటి కింద ఉన్నవాడికి వాటి రాక తెలియదని ఒక లాభం చూశారు.

ఆ ఫిబ్రవరి 17న నౌకాదళం కెప్టెన్ మార్టిన్ పడవను 65,000 డాలర్లకు కొన్నది. సిటీ ఐలాండ్‌లోని రాబర్ట్ జేకబ్ వాళ్ల పడవల కర్మాగారంలో మార్పులు చేశారు. ఇలా తీసుకున్న పడవలకు మామూలుగా చేసే పనులు పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేవాడు: ఒళ్లంతా బూడిదరంగు పూయడం, తుపాకీ బరువును, దెబ్బను ఓర్చుకునేలా ముందు భాగాన పై పలకల కింద ఉక్కు దూలాలు వేయడం, వెనక నుంచి జలాంతర్గాముల మీదికి నీటి బాంబులు దొర్లించడానికి పట్టాలు అమర్చడం, అడుగున జలాంతర్గాముల చప్పుడు వినే పరికరం బిగించడం, రాత్రి వెలుగు బయటికి పోకుండా కిటికీలు మూసేయడం, పదిమంది పడుకునే చోట మూడంతస్తుల మంచాలు వేసి నలభైమందిని పడుకోబెట్టడం. ఇలాంటి పడవలకు రత్నాల పేర్లు పెట్టడం అప్పుడు నౌకాదళం పద్ధతి. జేడ్, టర్కాయిజ్, రూబీ, ఎమరాల్డ్, మూన్‌స్టోన్ అన్నీ అలా యుద్ధానికి వెళ్లిన విహారనౌకలే. మా పడవకు వచ్చేసరికి బాగా తెలిసిన రత్నాలు అయిపోయాయేమో, ఫెనకైట్ అని పెట్టారు. పి.వై.సి. 25 దాని నంబరు. తీర గస్తీ విహారనౌక అన్న తరగతికి ఆ అక్షరాలు. 1942 జూలై 1న స్టాటెన్ ఐలాండ్‌లోని టాంప్‌కిన్స్‌విల్‌లో అది రెండోసారి నౌకాదళ జెండా ఎత్తుకుంది.

తర్వాత దాన్ని ఫ్లోరిడా దక్షిణపు కొసకు, కీస్ దీవుల వైపుకు పంపారు. గస్తీ తిరగడం ఒక పని. కీ వెస్ట్‌లో నౌకాదళం నడిపే సోనార్ బడికి సాయపడటం మరో పని. పాత అమెరికన్ జలాంతర్గాములు నీటి కింద దొంగాట ఆడుతూ ఉంటే, పైన ఓడల్లో కుర్రాళ్లు చెవులకు పరికరాలు తగిలించుకుని, ఏది ఇనుము, ఏది తిమింగలం, ఏది అడుగున పడి ఉన్న పాత ఓడ శకలం అని చప్పుడును బట్టి పోల్చుకోవడం నేర్చుకునేవారు. ఎడిసన్ పాతికేళ్ల కిందట ఇదే పడవ మీద వెతికినది చివరికి బడి పాఠమై కూర్చున్నదన్నమాట. ఫెనకైట్ ఒక్క శత్రు నౌకను కూడా ముంచలేదు. ముంచలేదని పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకుని చెప్పేవాడుగానీ, నాకు అందులో తక్కువతనం ఏమీ కనిపించలేదు. ఆ బడినీళ్లు కూడా అంత భద్రమైనవేమీ కావు. 1943 జూన్‌లో అక్కడే అభ్యాసానికి బయలుదేరిన ఆర్-12 అనే పాత జలాంతర్గామి నీళ్లు చొరబడి క్షణాల్లో మునిగిపోయింది. లోపలున్న 42 మంది పోయారు.

యుద్ధంలో పెద్దాయన పనిచేసింది ఫెనకైట్‌లో కాదు. న్యూజెర్సీ తీరాన తిరిగిన ఇలాంటిదే మరో మాజీ విహారనౌకలో. తుపాకీలూ బాంబులూ పైన చేరడంతో అది చిన్న అలకే పక్కకు ఒరిగిపోయేదట. వంటవాడు చారు కాచడం మానేసి రొట్టెలతోనే కాలక్షేపం చేసేవాడట. నీటి బాంబు వదిలాక అది పేలేలోపు తప్పుకోవాలి. నిదానంగా నడిచే ఓడకు అదే గండం. ఒకసారి వీళ్ల బాంబు దెబ్బకు వీళ్ల గిన్నెలే పగిలాయని నవ్వుతూ చెప్పాడు. జలాంతర్గామి అనుకుని బాంబు వేస్తే చాలాసార్లు చచ్చిన చేపలు తెల్లగా పైకి తేలేవి. వాటిని బుట్టలకెత్తుకుని ఆ పూట పండుగ చేసుకునేవారు.

కానీ అన్నిటికీ అలా గడవలేదు. సైథెరా అనే విహారనౌక మా పడవలాగే రెండు యుద్ధాల్లోనూ పనిచేసింది. 1942 మే నెలలో నార్త్ కరోలినా తీరాన యు-402 దాన్ని ముంచేస్తే ఇద్దరే బతికారు. ఆ ఇద్దరినీ ముంచిన జలాంతర్గామే ఎక్కించుకుని జర్మనీకి ఖైదీలుగా తీసుకెళ్లింది. మూన్‌స్టోన్ 1943లో మరో అమెరికన్ యుద్ధనౌకతో ఢీకొని మునిగింది. సెయింట్ ఆగస్టీన్ 1944 జనవరిలో దీపాలు ఆర్పేసిన చీకటిలో ఒక చమురు ఓడకు అడ్డంపడి మునిగితే వందమందికి పైగా పోయారు. ఈ పేర్లు చెప్పేటప్పుడు పెద్దాయన అరిచేవాడు కాదు. ఇంజను చప్పుడులో పెదవుల కదలికను బట్టే అర్థం చేసుకోవలసి వచ్చేది.

* * *

మా దారిలో పడవ తన సొంత చరిత్రను రోజూ పలకరించి వచ్చేదని నాకు కొన్నాళ్లకు తెలిసింది. హడ్సన్ దిగి స్వేచ్ఛావిగ్రహం ముందు తిరిగేటప్పుడు, జనమంతా కెమెరాలతో ఒకే వైపుకు తోసుకుంటే పడవ కొంచెం ఒరిగేది. అప్పుడు ఖాళీ అయిన రెండో వైపు నుంచి దక్షిణాన స్టాటెన్ ఐలాండ్ గట్టు మసకగా కనిపించేది. టాంప్‌కిన్స్‌విల్ అక్కడే. తర్వాత ఈస్ట్ రివర్‌లో వంతెనల కింద నుంచి ఎగువకు వెళ్లేవాళ్లం. వంతెన నీడ పైనుంచి జారిన ప్రతిసారీ ఇంజను చప్పుడు రెట్టింపై మళ్లీ తగ్గేది. కళ్లు మూసుకుని కూడా ఎక్కడున్నామో చెప్పగలిగేవాణ్ణి. హెల్ గేట్ దగ్గర ప్రవాహాలు కలిసి నీళ్లు సుడులు తిరుగుతుంటే, బల్ల మీది సోడా గ్లాసులను రెండు చేతులతో అడ్డుకునేవాణ్ణి. అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే సిటీ ఐలాండ్ దారి. మేం ఎడమకు తిరిగి హార్లెం నదిలో దూరేవాళ్లం.

హార్లెం నదిలో నీరు కదలదు, గాలి ఆడదు, వాసన గొప్పగా ఉండదు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉండేవి. ఆ నది చివర కొండరాయి మీద కొలంబియా విశ్వవిద్యాలయం పిల్లలు పెద్ద సి అక్షరం రంగుతో వేసి ఉంచారు. దాని పక్కన బట్టలు విప్పేసిన కుర్రాళ్లు మా పడవ వచ్చేదాకా ఆగి, అందరూ చూస్తుండగా నీళ్లలోకి దూకేవారు. గైడుకు అక్కడ కూడా ఒక హాస్యం ఉండేది. స్పైటెన్ డైవిల్ రైలు వంతెన పక్కకు తిరిగి దారి ఇవ్వగానే వెడల్పాటి హడ్సన్, చల్లటి గాలి. జార్జి వాషింగ్టన్ వంతెన దాటేసరికి పిల్లలు నిద్రపోయేవారు, పెద్దవాళ్లు చెప్పులు విప్పుకునేవారు, నా బల్ల దగ్గర అమ్మకం ఆగిపోయేది. అప్పుడు ఇత్తడి కమ్మీ తుడిచేవాణ్ణి. జనం మోచేతులు ఆనించీ ఆనించీ అది నడుమ భాగంలో సన్నబడిపోయి, మెరుగు వేరుగా ఉండేది. ఏ కాలం నాటిదో చెప్పగలిగినవాళ్లు లేరు.

* * *

పాత పడవలు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. ఉద్యోగంలో పడి నేను ఒహాయో వైపు వచ్చేశాను. ఆ పడవ సంగతి మరిచిపోయిన చాలాకాలానికి, సిన్సినాటికి పాతిక మైళ్ల దూరంలో, కెంటకీలోని పీటర్స్‌బర్గ్ దగ్గర ఒక వాగులో తుప్పుపట్టిన ఓడ ఉందనీ, జనం చిన్న పడవలు వేసుకుని వెళ్లి చూస్తున్నారనీ, దయ్యాల ఓడ అని పేరు పెట్టారనీ తెలిసింది. ఫొటో చూడగానే ఆ ముక్కును గుర్తుపట్టాను. ఈ ప్రాంతపు మనిషే ఒకాయన 1986లో దాన్ని 7,500 డాలర్లకు కొని, బాగుచేసి, హడ్సన్ ఎక్కించి, పెద్ద సరస్సుల మీదుగా మిసిసిపీలోకి, అక్కడి నుంచి ఒహాయో నదిలోకి తెచ్చి తన పొలం పక్కన వాగులో కట్టేసుకున్నాడట. అంత దూరం తనంతట తాను నడిచి రావడం ఆ ఇంజనుకు దక్కవలసిన మర్యాద.

మా అమ్మాయి వెంట వచ్చింది. ఒహాయో నది ఉరికే కాలంలో వాగులో నీరు పెరుగుతుంది, ఎండాకాలం బురదే. మేం వెళ్లినప్పుడు నీరు బాగానే ఉంది. పక్కలకు చెట్లు మొలిచాయి, పై అంతస్తు రేకులు వేలాడుతున్నాయి, పేరున్న చోట తుప్పు పొరలు పొరలుగా లేచింది. "నాన్నా, నువ్వు ఎక్కడ నిలబడేవాడివి?" అని అమ్మాయి అడిగితే చేయి చూపించబోయి తడబడ్డాను, బల్ల ఉండవలసిన చోట ఆకాశం కనిపిస్తోంది. ఎక్కి చూడాలని ఉందిగానీ, అది పరాయివాళ్ల ఆస్తి, పైగా అడుగు వేస్తే విరిగే పలకలు. పక్కనే రబ్బరు పడవలో వచ్చిన కుర్రాళ్లు దయ్యం కోసం కేకలు వేస్తున్నారు. వాళ్లకు ఎడిసన్ సంగతి చెబితే ఒకడు ఫోను తీసి సరిచూసుకుని, నా వైపు కొత్త గౌరవంతో చూశాడు. ఫెనకైట్ సంగతికి అంత స్పందన రాలేదు.

* * *

మా నాన్న ఆ పడవను ఎక్కిన రోజు గురించి రాయకపోతే ఇది పూర్తి కాదు. ఉద్యోగ విరమణ అయ్యాక అమ్మతో కలిసి వచ్చారు. నేను అప్పటికే బల్ల వదిలేసి ఇంజనీరునయ్యాను. టికెట్లు కొని, ఐదో నంబరు పడవ బయలుదేరే వేళ చూసుకుని మరీ తీసుకెళ్లాను. అమ్మ చీర మీద నా ఉన్నికోటు వేసుకుని, స్టీలు క్యారియరు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మొదటి వంతెన రాకముందే పులిహోర బయటికి వచ్చింది.

నాన్న 1942లో విశాఖ రేవులో ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి; ఆ రోజుల్లోనే జపాన్ నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచాయి. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని విజయనగరం దారి పట్టింది. అదే వసంతంలో సిటీ ఐలాండ్‌లో ఈ పడవకు బూడిదరంగు పూస్తున్నారని నేను చెప్పేసరికి ఆయన పులిహోర పక్కనపెట్టి లేచారు. తుపాకీ ఎక్కడుండేదో చూపించమన్నారు. పెద్దాయన ఒకప్పుడు నాకు చూపించిన చోటు, ముందు భాగంలో పలకల వరస తేడాగా ఉన్న చోటు, చూపించాను. నాన్న వంగి, అతుకు మీద గోటితో గీసి చూశారు.

"కొన్నారా, అద్దెకు తీసుకున్నారా?"

"మొదటి యుద్ధంలో అద్దె. రెండోసారి కొన్నారు, 65,000 డాలర్లకు."

"మరి యుద్ధం అయ్యాక?"

"1945 డిసెంబరులో పాత యజమానికే ఇచ్చేశారు. ఆయన ఈ యాత్రల పడవగా నడిపించాడు, తర్వాత ఈ కంపెనీకి వచ్చింది."

ఆయన కాసేపు ఆలోచించారు. విమానాలు వచ్చిన రోజు ఆఫీసు ఇనప్పెట్టె తాళం చెవి తన జేబులోనే ఉండిపోయిందనీ, విజయనగరం దాకా వెళ్లాక అది చూసుకుని, ఎదురుగా వచ్చే బండ్లను తప్పించుకుంటూ ఒంటరిగా నడిచి వెనక్కి వచ్చి పెట్టె తెరిచి లెక్క సరిచూసి అప్పగించాననీ చెప్పారు. ఆ సంగతి నేను అంతకుముందు వినలేదు. అమ్మకు మాత్రం తెలుసు. తల తిప్పకుండానే, "ఆ తర్వాతిది కూడా చెప్పండి" అంది.

"ఏముంది, ఆఫీసుకు రాని రోజులకు జీతం కోసుకున్నాడు" అన్నారు నాన్న. "మీ నేవీవాళ్లు నయం రా. పడవ తిరిగిచ్చారు."

అని వెళ్లి మళ్లీ పులిహోర అందుకున్నారు. గైడు ఐక్యరాజ్యసమితి గురించి మొదలుపెట్టాడు.